ఫర్నేసు తరఫున ఇంగువ సాక్ష్యం

విజయదశమి నాడు పొద్దున్నే త్యాగరాజు తలంటు పోసుకుని, పట్టుపంచె కట్టుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ పెట్టుకుని బేస్‌మెంటులోకి దిగాడు. టొరంటో పక్కన ఏజాక్స్‌లో ఆ వీధి మగవాళ్ళంతా ఆ వేళకు వాకిట్లో రాలిన మేపుల్ ఆకులు ఊడ్చుకుంటున్నారు. త్యాగరాజు ప్లాను వేరు. చలికాలానికి ముందు ఏటా జరిగే తనిఖీ కోసం ఆ ఉదయం టెక్నీషియన్ వస్తున్నాడు. వాడు వచ్చి ఇల్లంతటినీ వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేసు మీద చెయ్యి వేసేలోపల దానికి ఆయుధపూజ అయిపోవాలి.

దసరాకి కార్లకు పూజ చేసే తెలుగువాళ్ళు టొరంటో చుట్టుపక్కల బోలెడంతమంది ఉన్నారు. ఫర్నేసుకు చేసేవాడు మాత్రం, మనకు తెలిసినంతలో, త్యాగరాజు ఒక్కడే. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అతను చెప్పే కారణం ఒకటుంది. "జనవరిలో ఇక్కడ మనిషి ప్రాణం కాపాడేది కత్తా? కారా? ఇదిగో, ఇది! మరి ఇది ఆయుధం కాకపోతే ఏమిటండీ?" ఒషావాలో కార్ల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి క్వాలిటీ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి అలా నిలదీస్తే ఎవరూ కాదనరు. కాదంటే మళ్ళీ మొదటినుంచీ చెప్తాడు.

ఫర్నేసు ఆ ఇంటితోపాటే వచ్చింది. చలికాలం వెచ్చగాలి, ఎండాకాలం ఏసీ చల్లగాలి, రెండూ దాని కడుపులో ఉన్న ఒకే ఫ్యాను మీద నడుస్తాయి. కూతురు నీరజ చిన్నప్పుడు, మంచు కురిసే పొద్దుల్లో, హాల్లో నేలమీద గాలి వచ్చే జాలీ మీద గౌను పరుచుకుని కూచునేది. గౌను బుడగలా ఉబ్బుతుంటే పకపకా నవ్వేది. ఆ నవ్వు విన్నప్పుడల్లా త్యాగరాజు కిందికి దిగి, అవసరం ఉన్నా లేకపోయినా, ఫిల్టరు మార్చి వచ్చేవాడు. ఇప్పుడు నీరజ కాల్గరీలో ఆయిల్ కంపెనీలో పెద్ద ఉద్యోగంలో ఉంది. ఆ నీరజే, "నాన్నా, దట్ థింగ్ ఈజ్ ఏన్షియంట్! తీసేసి కరెంటుతో నడిచే హీట్ పంప్ పెట్టించు" అని ఏడాదిగా పోరుతోంది. చివరికి తండ్రీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఈ ఏడు తనిఖీలో ఫర్నేసు బాగుందంటే ఉంటుంది. గ్యాస్ విషయంలో ఒక్క వంక వచ్చినా తుక్కుకి పోతుంది.

రిటైరయ్యాక ఆ ఇంట్లో త్యాగరాజు మీట నొక్కితే ఎదురుచెప్పకుండా పనిచేసేది ఆ ఫర్నేసు ఒక్కటే. దాన్ని ముక్కలు చేసి ఈడ్చుకుపోతారన్న ఊహ వస్తేనే అతను కిందికి దిగి దాన్ని ఒకసారి చూసి వచ్చేవాడు. అందుకే ఆ వేళ పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు దాన్ని తడిగుడ్డతో తుడిచి, నాలుగు మూలలా పసుపు రాసి, నడినెత్తిన కుంకుమబొట్టు పెట్టి, పైన నిమ్మకాయ ఉంచాడు. హారతి మాత్రం బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ దీపంతో ఇచ్చాడు. అసలు కర్పూరం వెలిగించబోతే భార్య పద్మిని మెట్ల మీంచే కేకేసి ఆపింది.

"ఏమండోయ్! నిప్పు వెలిగించకండి! మళ్ళీ గ్యాస్ వాసనొస్తోంది!"

ఇదొక్కటే త్యాగరాజుకు పక్కలో బల్లెం. వినాయక చవితి నాటినుంచీ పద్మిని ఈ మాట అంటూనే ఉంది. వాసన అతనికీ తెలుస్తూనే ఉంది. ఒప్పుకుంటే మాత్రం మొదటి అనుమానం ఫర్నేసు మీదికే పోతుంది. అందుకని మొదటి రోజే దానికొక పేరు పెట్టి కేసు కొట్టేశాడు.

"గ్యాసూ లేదు గాడిదగుడ్డూ లేదు. అది నీ ఇంగువ!"

మొదట్లో అది అబద్ధమని అతనికి తెలుసు. రోజూ చెప్పగా చెప్పగా, ఇప్పుడు నిజంగానే ఇంగువ అని నమ్మే స్థితికి వచ్చాడు. ఆ ఉదయం పద్మిని గుడికి తీసుకెళ్ళడానికి పెద్ద గిన్నెడు పులిహోర కలుపుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"ఇవాళ ఇంగువ కాస్త దండిగా వెయ్యి."

"ఎందుకటా?"

"ఎందుకేమిటి, పండగ కదా."

టెక్నీషియన్ వచ్చేసరికి ఇల్లంతా ఇంగువ వాసన నిండి ఉంటే వాడి ముక్కు ఇంక దేన్నీ పట్టుకోలేదని అతని ఎత్తు. నైవేద్యం అయ్యాక పద్మిని ఒక గరిటెడు పులిహోర ప్లేట్లో పెట్టి ఇచ్చింది. త్యాగరాజు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా! ఇంగువ ఘాటు గుప్పుమంటోంది! వీధి చివరిదాకా పోతుంది."

పద్మిని అతని వంక ఒక చూపు చూసింది. "అలాగా!" అని, పులిహోర గిన్నె కారులో పెట్టుకుని, దార్లో షాపుకు కూడా వెళ్ళొస్తానని చెప్పి గుడికి బయల్దేరింది. షాపు మాట అతని చెవిన పడలేదు. అతను అప్పటికే మళ్ళీ కిందికి దిగి ఫ్యాను హోరు దగ్గర ఉన్నాడు. ఫ్యాక్టరీలో యంత్రాల మధ్య పనిచేసినప్పుడు ఎవరేం అరిచినా "ఆఁ" అనడం అలవాటైంది. ఇంట్లోనూ అదే నడుస్తోంది. పద్మిని మెట్ల మీంచి ఏం చెప్పినా కింది నుంచి "ఆఁ" అని వినిపిస్తుంది, పని మాత్రం జరగదు.

పది దాటాక గ్లెన్ వచ్చాడు. భారీ మనిషి, చేతిలో పనిముట్ల సంచీ, నెత్తిన టోపీ. బేస్‌మెంటు మెట్లు ఆ ఇంట్లో వంటింటి పక్కనుంచే దిగుతాయి. మెట్ల దాకా వచ్చి గ్లెన్ ఆగి, గాలి గట్టిగా పీల్చాడు. అతను మాట్లాడింది ఇంగ్లీషే అయినా, మనకెందుకు శ్రమ, తెలుగులోనే చెప్పుకుందాం.

"మిస్టర్ రాజూ, ఇక్కడేదో..."

"ఇంగువ!" అన్నాడు త్యాగరాజు.

"నేనింకా ఏమీ అడగలేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయిందని త్యాగరాజుకే అనిపించింది. సర్దుకుని, నవ్వు మొహం పెట్టాడు. "మా వంటల్లో వేసే దినుసు. గంధకం వాసనలా ఉంటుంది. అచ్చం గ్యాస్ అనుకుంటారు కొత్తవాళ్ళు. ఇవాళ పండగ, మా ఆవిడ కాస్త ఎక్కువ వేసింది."

కుంపటి మీద నీళ్ళు చల్లినట్టు గ్లెన్ అనుమానం చప్పున చల్లారింది. దానికొక కారణం ఉంది. "అమ్మయ్య, ముందే చెప్పారు!" అన్నాడు. "పోయినేడు ఒక ఇంట్లో గ్యాస్ లీకని అందర్నీ బయటికి పంపించి నానా హడావుడీ చేశాను. తీరా చూస్తే వాళ్ళ అమ్మమ్మ పచ్చడి! మా బాస్ ఇప్పటికీ నన్ను 'పచ్చడి' అనే పిలుస్తాడు. మళ్ళీ ఆ పొరపాటు చెయ్యను." అలా ఒట్టు పెట్టుకుని, ఉద్యోగధర్మంగా చెయ్యవలసిన పని చెయ్యకుండా, మెట్లు దిగాడు.

కిందికి వెళ్ళి ఫర్నేసును చూడగానే మళ్ళీ ఆగిపోయాడు. "దీనికి ముందే ఎవరైనా రెడ్ ట్యాగ్ వేశారా?"

త్యాగరాజు గబగబా అడ్డుపడ్డాడు. ప్రమాదకరమైన ఫర్నేసుకు టెక్నీషియన్లు కట్టే ఎర్ర చీటీని రెడ్ ట్యాగ్ అంటారు. అది పడిందంటే ఆ ఫర్నేసుకు నూకలు చెల్లినట్టే. "కాదు కాదు! అది కుంకుమ. బ్లెస్సింగ్! ఇవాళ మా పనిముట్లకు పూజ చేసుకునే రోజు."

గ్లెన్ కుంకుమబొట్టు వంక, నిమ్మకాయ వంక, మినుకు మినుకుమంటున్న ప్లాస్టిక్ దీపం వంక చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మరి నా పనిముట్లకు కూడా చేస్తారా?" అని అడిగాడు. త్యాగరాజుకు వాడి మీద అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది. రెంచీకి బొట్టు, స్క్రూడ్రైవరుకు బొట్టు, గ్యాస్ పసిగట్టే చేతి మీటరుకు కూడా ఒక బొట్టు పెట్టాడు. ఆ మీటరు అప్పటిదాకా సంచీ అడుగున స్విచ్చాఫ్‌లోనే ఉంది.

అంతా సాఫీగా జరిగిపోతున్న సమయానికి వీధి తలుపు గంట మోగింది. ఎదురింటి డాక్టర్ రామమోహనరావు. ప్రతి దసరాకీ పులిహోర కోసం ఠంచనుగా వచ్చే మనిషి. చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, రెండడుగులు లోపలికి వేసి, మూడో అడుగు వెనక్కి వేశాడు.

"త్యాగరాజుగారూ, ఇంట్లో గ్యాస్ లీకవుతోందండీ!"

"ఇంగువండీ, డాక్టరుగారూ."

"ఇంగువ నాకు తెలీదా? జీవితమంతా ముక్కులు చూసినవాణ్ణి!"

"పరాయి ముక్కులు చూశారు. మీ ముక్కెవరు చూశారు?"

డాక్టరు మొహం ఎర్రబడింది. 'గ్యాస్ లీక్' అన్న మాట చెవినపడి కింద ఉన్న గ్లెన్ కూడా మీటరు పట్టుకుని పైకొచ్చాడు. స్పెషలిస్టు అన్నాడంటే వాడికి భయం, అమ్మమ్మ పచ్చడి గుర్తొస్తే ఇంకా భయం. రెంటికీ మధ్య నలిగి, చివరికి ఒక దారి చెప్పాడు. ఆ దినుసేదో తెచ్చి చూపిస్తే మీటరు దగ్గర పెట్టి చూద్దాం. మీటరు కూస్తే దినుసే. కూయకపోతే గ్యాసు.

త్యాగరాజు పరుగున వంటింట్లోకి వెళ్ళి అలమరలోంచి ఇంగువ డబ్బా తీశాడు. అక్కడే, పెరట్లోకి తెరుచుకునే అద్దం తలుపు పక్కన నిలబడ్డాడు. పోపు ఘాటు పోవడానికి పద్మిని ఆ తలుపు జానెడు తెరిచి వెళ్ళింది. తలుపు అవతలే గోడకు ఆనించి, వేసవిలో నీరజ వచ్చినప్పుడు త్యాగరాజు కొన్న బార్బెక్యూ పొయ్యి ఉంది. ఆ వీధిలో అందరూ వాటి మీద మాంసం కాలిస్తే, త్యాగరాజు పచ్చడికి వంకాయలు కాల్చాడు. దాని గొట్టం గోడలోని గ్యాస్ లైనుకు తనే స్వయంగా బిగించాడు. చేతికి మసి అంటించుకుని చాలాకాలమైంది కదా అని సరదాపడ్డాడు.

గ్లెన్ హాల్లో మీటరు వెలిగించాడు. చప్పుడు లేదు. అడుగులో అడుగు వేసుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. ఒకసారి కీచుమంది. త్యాగరాజు చేతిలో డబ్బా దగ్గరికి వచ్చేసరికి పిచ్చుకల గుంపులా కిచకిచలాడడం మొదలుపెట్టింది.

"చూశారా!" అని త్యాగరాజు చిన్నపిల్లాడిలా గెంతాడు. "డబ్బా మూత ఉండగానే ఇంత కూస్తోంది!"

"మూత తీసి చూపించండి మరి," అన్నాడు డాక్టరు.

"మూత తీస్తే మీ మీటరు పేలిపోతుంది!"

గ్లెన్ డబ్బాకు ముక్కు ఆనించి పీల్చి, తల వెనక్కి లాక్కుని, "బాబోయ్, ఇదే!" అన్నాడు. శాస్త్రీయంగా రుజువైపోయిందని త్యాగరాజు అంటే, రుజువైంది మీ మూర్ఖత్వమని డాక్టరన్నాడు. ఈ జన్మలో మీకు పులిహోర పెట్టనని త్యాగరాజన్నాడు. బతికుంటే గుళ్ళో తింటానని డాక్టరు చెప్పులు చేతపట్టుకుని వాకిట్లోకి పోయి, అక్కణ్ణుంచి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేశాడు.

కాసేపటికి వీధి వీధంతా కదిలింది. ఎర్రలైట్లు తిప్పుకుంటూ రెండు ఫైర్ ట్రక్కులు వచ్చి త్యాగరాజు వాకిలికి అడ్డంగా నిలబడ్డాయి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళందర్నీ బయటికి రమ్మన్నారు. ఆకులు ఊడుస్తున్నవాళ్ళు చీపుళ్ళతోనే వచ్చారు. చలిగాలికి పట్టుపంచె రెపరెపలాడుతుంటే, ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో ఇంగువ డబ్బా పట్టుకుని త్యాగరాజు వీధి మధ్యలో నిలబడ్డాడు. ఫైర్ కెప్టెన్ డోనా అనే ఆవిడ అతని ముందుకొచ్చి, ఏమిటి సంగతని అడిగింది.

త్యాగరాజు సంగతి చెప్పాడు. ఇంగువ చరిత్ర, ఉపయోగాలు, జీర్ణశక్తికి అది చేసే మేలు, అందులో ఉన్న గంధకం, ఏదీ వదల్లేదు. చెప్పిందానికి సాక్ష్యంగా డబ్బా అందించాడు. కెప్టెన్ వాసన చూసి కళ్ళు చిట్లించింది. పక్కనున్న ఫైర్‌మన్‌కిచ్చింది. అతను పక్కింటి మార్జరీకిచ్చాడు. గుళ్ళో శఠగోపంలా ఆ డబ్బా వీధంతా ఒక చుట్టు తిరిగింది. ఒక్కొక్కరే తలవంచి వాసన చూసి పక్కవాళ్ళకు అందించారు.

"ఈ వాసన నాకు తెలుసు!" అంది మార్జరీ. "కొన్నాళ్ళుగా మా పెరట్లో వస్తోంది. మా కుక్క అటువైపు వెళ్ళనంటోంది."

ఏ మాత్రం వివేకమున్నవాడైనా ఆ మాటకు ఆగి ఆలోచించేవాడు. త్యాగరాజు ఆగలేదు. చేతులు జోడించి, వీధి మొత్తానికీ వినిపించేలా, "అది మా ఆవిడ వంట! ఆమె తరఫున మీ అందరికీ నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను," అన్నాడు. వాళ్ళు కెనడావాళ్ళు. క్షమాపణ చెప్తే ఊరుకోరు, తిరిగి చెప్తారు. మీ వంటను తప్పుగా అనుకున్నందుకు మేమే సారీ అని మార్జరీ అంది. మా కుక్క తరఫున కూడా సారీ అని ఆవిడ భర్త అన్నాడు. ఆ సారీలు సద్దుమణిగేసరికి చాలాసేపు పట్టింది.

ఇంతలో త్యాగరాజు ఫోను మోగింది. నీరజ. వాకిట్లో ఫైర్ ట్రక్కుల ఫోటో డాక్టరంకుల్ అప్పటికే పంపేశాడు.

"నాన్నా! వాట్ ఈజ్ గోయింగ్ ఆన్?"

"ఏం లేదమ్మా. అమ్మ పులిహోర చేసింది."

"పులిహోరకి రెండు ఫైర్ ట్రక్సా? దట్స్ ఇట్, నాన్నా. గ్యాస్ ఇష్యూ అయితే ఆ ఫర్నేస్ ఈ వీకే వెళ్ళిపోతుంది. వి హ్యాడ్ ఎ డీల్!"

"గ్యాస్ కాదు తల్లీ! ఇంగువ! ఒట్టు!"

లోపలికి వెళ్ళిన ఫైర్‌మన్లు తిరిగొచ్చి, బేస్‌మెంటులో ఏమీ లేదనీ, వంటింట్లో మాత్రం మీటరు కూస్తోందనీ చెప్పారు. "డబ్బా అక్కడే కదా ఉండేది!" అన్నాడు త్యాగరాజు. గ్లెన్ కూడా టోపీ గుండెకు ఆనించుకుని, ఆ డబ్బా దగ్గర తన మీటరు కూయడం కళ్ళారా చూశానని సాక్ష్యం చెప్పాడు. కెప్టెన్‌కు అటు నమ్మాలనీ ఉంది, ఇటు నమ్మబుద్ధీ కావడంలేదు. చివరికి, వంట చేసిన మనిషి వచ్చి అందులో ఎంత వేసిందో చెప్తే అప్పుడు చూద్దామంది. అంతవరకు ఎవరూ ఇంట్లోకి వెళ్ళడానికి వీల్లేదు.

సరిగ్గా అప్పుడే పద్మిని వచ్చింది. వీధి మొగలో కారు ఆపేశారు కాబట్టి, ఖాళీ పులిహోర గిన్నె చంకనపెట్టుకుని నడిచి వచ్చింది. దారికి రెండువైపులా చీపుళ్ళతో నిలబడ్డ జనం ఆమె వంక జాలిగా, ఉదారంగా చూస్తున్నారు. మార్జరీ ముందుకొచ్చి కౌగిలించుకుని, "మేమేమీ అనుకోవడంలేదు" అంది. పద్మిని ఆమె చేతులు విడిపించుకుని త్యాగరాజు దగ్గరికి పరుగెత్తింది.

"ఏమైందండీ? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. అరవకు," అన్నాడు త్యాగరాజు తగ్గుస్వరంతో. "పులిహోరలో ఇంగువ బాగా దట్టించానని ఈవిడతో ఒక్క మాట చెప్పు. చాలు. ఫర్నేసు బతుకుతుంది."

"వెయ్యందే ఎలా చెప్పనండీ?"

"అదేమిటి! పొద్దున నేను తిన్నాను కదా, ఘాటు గుప్పుమంది!"

పద్మిని అతని మొహం వంక చూసింది. గిన్నె అతని చేతికిచ్చి, కెప్టెన్ చేతిలో ఉన్న డబ్బా అడిగి తీసుకుంది. మూత తిప్పి తీసి, వీధి మధ్యలో తలకిందులుగా పట్టుకుని, అడుగున చేత్తో రెండు దెబ్బలు కొట్టింది. ఒక్క పలుకు కూడా రాలలేదు.

"వినాయక చవితినాటికే అయిపోయింది," అంది. "షాపుకెళ్తే తెమ్మని మెట్ల మీంచి ఎన్నిసార్లు అరిచానో! అరిచినప్పుడల్లా 'ఆఁ' అన్నారు. ఇవాళ ఇంక మీతో కాదని నేనే వెళ్ళాను. దసరా కదా, షాపులో అయిపోయిందన్నారు."

"మరి... వాసన? డబ్బా వాసనొస్తోందే!"

"ఇంగువ కట్టిన గుడ్డకు వాసన పోతుందా?"

"మరి నేను ఘాటు ఘాటు అంటుంటే చెప్పొద్దూ!"

"చెప్తే విన్నారా? నాకూ ఒళ్ళు మండింది. లేని ఇంగువను పట్టుకుని ఎక్కడిదాకా వెళ్తారో చూద్దామనుకున్నా. ఫైర్ ఇంజన్ దాకా వెళ్తారని అనుకోలేదు."

ఈ సంభాషణంతా డాక్టర్ రామమోహనరావు ఒక్క ముక్క పోనివ్వకుండా కెప్టెన్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. అంత శ్రద్ధగా అతను ఏ రోగికీ రోగం వివరించి ఉండడు. కెప్టెన్ ఖాళీ డబ్బా వంక, త్యాగరాజు వంక చూసింది.

"అయితే ఇంతసేపూ మనం పీలుస్తున్నదేమిటి?"

వీధి మొత్తం ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి వేసింది. గ్లెన్ అందరికంటే ఎక్కువ వెనక్కి వేశాడు.

ఆ తర్వాత పని చకచకా జరిగిపోయింది. ఫైర్‌వాళ్ళు వంటింటి అద్దం తలుపు దాటి పెరట్లోకి వెళ్ళారు. మీటరు పట్టుకున్నవాడు బార్బెక్యూ పొయ్యి దగ్గర వంగాడు. త్యాగరాజు స్వహస్తాలతో బిగించిన గొట్టం దగ్గర అది గుక్కతిప్పుకోకుండా ఏడ్చింది. వంకాయలు కాలిన నాటినుంచీ అక్కడ సన్నగా గ్యాస్ కారుతోంది. బయట కాబట్టి చాలావరకు గాలికి పోయింది. మిగిలింది పద్మిని వంటింట్లోకీ, మార్జరీ కుక్క ముక్కులోకీ పోయింది. కెప్టెన్ ఆ పొయ్యి లైను కట్టేయించి, గొట్టం ఊడదీసి చేతికిచ్చి, ఇలాంటివి లైసెన్సున్నవాళ్ళ చేత చేయించుకోవాలని నెమ్మదిగానే చెప్పింది. నెమ్మదిగా చెప్పడం వల్ల అది మరీ బాధగా ఉంది.

త్యాగరాజు గొట్టం పట్టుకుని వాకిట్లో మెట్టు మీద కూలబడ్డాడు. అతనికి సిగ్గుగా ఉంది. దాన్ని మించి భయంగా ఉంది. ఒక రేకుపెట్టెను కాపాడుకోవడానికి ఇన్నాళ్ళూ పద్మినిని ఆ వాసనలో నిలబెట్టి వంట చేయించాడు. పాపం, ఆ ఫర్నేసు మొదటినుంచీ నిర్దోషి. తను అబద్ధపు సాక్ష్యం చెప్పకపోయి ఉంటే అది మొదటి రోజే పరువుగా విడుదలయ్యేది. పద్మిని వచ్చి పక్కన కూచుంటే, "తప్పయిపోయింది, పద్మినీ," అన్నాడు.

"సరేలెండి. చలిగా ఉంది, ముందు లోపలికి పదండి," అంది పద్మిని. "ఇకనుంచి నేను మెట్ల మీంచి అరవను. మీరే పైకొచ్చి విని వెళ్ళాలి."

"ఆఁ," అన్నాడు త్యాగరాజు అలవాటుగా. పద్మిని చూసిన చూపుకు, "విన్నాను, విన్నాను!" అని సరిచేసుకున్నాడు.

గ్లెన్ మిగిలిన పని పూర్తిచేశాడు. బర్నర్లు చూశాడు, ఫ్యాను చూశాడు, పొగగొట్టం చూశాడు, గ్యాస్ కలిసే ప్రతి చోటా సబ్బునీళ్ళు రాసి ఒక్క బుడగ కోసం కళ్ళు పొడుచుకు చూశాడు. తర్వాత నీరజతో ఫోన్లో, ఇంత పాతదైనా ఇంత శుభ్రంగా ఉన్న ఫర్నేసు తానెక్కడా చూడలేదని చెప్పాడు.

"ఫైన్. ఫర్నేస్ కెన్ స్టే," అంది నీరజ చివరికి. "బార్బెక్యూ పోవాలి. అండ్ నాన్నా, నువ్వు ఇంక ఏ పైపూ టచ్ చెయ్యకూడదు. ప్రామిస్?"

గ్లెన్ వెళ్తూ వెళ్తూ నిమ్మకాయ అడిగి తీసుకుని వ్యాన్ ముందర పెట్టుకున్నాడు. వాళ్ళ ఆఫీసులో ఆ సాయంత్రం నుంచి 'పచ్చడి' అన్న పేరు పోయి వేరే పేరు వచ్చిందని తర్వాత తెలిసింది. డాక్టర్ రామమోహనరావు పులిహోర ఊసెత్తకుండా హుందాగా ఎదురింటికి వెళ్ళిపోయి, కిటికీలోంచి చూస్తూ కూచున్నాడు.

ఆ సాయంత్రమే త్యాగరాజు ఎవరూ చెప్పకుండా కారు తీసి, నాలుగు షాపులు తిరిగి, దొరికినవాటిలో అన్నిటికంటే పెద్ద ఇంగువ డబ్బా కొనుక్కొచ్చి, రెండు చేతులతో పద్మినికి సమర్పించాడు. మర్నాడు పద్మిని డాక్టరునూ, మార్జరీ దంపతులనూ భోజనానికి పిలిచి, మళ్ళీ పులిహోర కలిపి, ఈసారి ఇంగువ చెయ్యి జారనిచ్చి వేసింది. అందరికీ వడ్డన అయింది. అందరూ తినడం మొదలుపెట్టారు.

త్యాగరాజు మొదటి ముద్ద నోటిదాకా తెచ్చి, ఆగి, ముక్కు ఎగబీల్చి, "పద్మినీ, ఎక్కడో గ్యాస్ వాసనొస్తోంది," అన్నాడు.